కొండదారి సైకిల్: నేల తీరు, నడిపే తీరు, పడ్డాక కోలుకునే తీరు

మౌంటెన్ బైకింగ్ అంటే తారు లేని కొండదారిలో సైకిల్ నడపడం. రాళ్లు, చెట్ల వేళ్లు, వాననీరు కోసిన చాళ్లు ఇందులో అడ్డంకులు కావు, దారే అవి. రోడ్డు మీద వేగాన్ని తొక్కేవాడి కాళ్లు నిర్ణయిస్తాయి. కొండదారిలో నేల నిర్ణయిస్తుంది. అందుకే ఇందులో అసలు విద్య కంటిది. కాళ్ల బలం తర్వాతి మాట. పడటమూ, పడ్డాక పద్ధతిగా కోలుకోవడమూ ఆ విద్యలో భాగమేనని ఒప్పుకున్నవాళ్లే ఈ దారుల్లో ఏళ్ల తరబడి నిలుస్తారు.

ఈ ఆటకు రూపు వచ్చింది 1970లలో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీ కొండల్లో. అక్కడి కుర్రాళ్లు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లు కొండమీదికి చేర్చి, వాటిమీద మట్టిదారిలో కిందికి దూసుకొచ్చేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ ‘రీప్యాక్’ అనే తొలి పందెం జరిగింది. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు 400 మీటర్లు దిగే దారి అది. పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకులు ఆ దిగుడులో కాలిపోయి హబ్బులోని గ్రీజు పొగై పోయేది. కిందికి చేరాక మళ్లీ గ్రీజు కూర్చాల్సిందే. పందేనికి ఆ పేరు అలా వచ్చింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పతకాల క్రీడ అయింది. మన దేశంలో 2005లో హిమాచల్ కొండల్లో మొదలైన పందేలు దీనికి పేరు తెచ్చాయి. 2023 అక్టోబరులో కేరళలోని పొన్ముడి ఆసియా చాంపియన్‌షిప్‌కు వేదికైంది.

ఉత్తరాంధ్రలో ఈ ఆటకు కావలసిన నేల అరసవల్లి చుట్టూనే మొదలవుతుంది. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరు నాగావళి పరీవాహక ప్రాంతంలోని పల్లపు నేల మీద ఉంది. ఇక్కడి నుంచి తూర్పుకు తొక్కితే గార మండలం మీదుగా కళింగపట్నం ఇసుక, సరుగుడు తోటలు వస్తాయి. పడమటికీ ఉత్తరానికీ వెళితే వరి గట్లు, డొంకలు, మెట్ట చేలు, జీడితోటలు దాటి తూర్పు కనుమల అడుగుకు చేరుకోవచ్చు. ఇన్ని రకాల నేల ఇంత దగ్గర దగ్గరగా దొరకడం కొత్తగా నేర్చుకునేవారికి పెద్ద వరం.

ఈ కొండల రాయి ఎక్కువగా ఖోండలైట్. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదనే 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. అందులోని గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. ఎండకూ వానకూ రాయి చివికి ఆ ఇనుము తుప్పు పడితే ఎర్రమట్టి, దానిలో గుండ్రటి ఎర్ర గ్రావెల్ మిగులుతాయి. ఎండాకాలంలో ఆ గ్రావెల్ గట్టి నేల మీద పలచగా పరుచుకుని ఉంటుంది. మలుపులో దానిమీద ముందు చక్రం పడితే గోళీల మీద కాలు వేసినట్టే. కొండ ప్రాంతంలో దారి తెలిసిన రైడర్లకు రాయికన్నా ఈ గ్రావెల్ అంటేనే ఎక్కువ భయం. రాయి కంటికి కనిపిస్తుంది, కదలదు. గ్రావెల్ సంగతి అలా కాదు.

ఏడాదిలో దారి గుణం మారుతూ ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. వాన పడుతున్నప్పుడు, పడిన మర్నాడు ఎర్రమట్టి టైరు గాడుల్లో కూరుకుపోయి చక్రం నున్నగా అయిపోతుంది. నల్లరేగడి పట్టిన పల్లంలోనైతే ఫోర్కులోనే ఇరుక్కుని చక్రం తిరగదు. ఒకటి రెండు రోజులు ఎండ కాసి, లోపల చెమ్మ ఉండి పైన ఆరినప్పుడు పట్టు అద్భుతంగా ఉంటుంది. ఆ రోజులను వదులుకోకూడదు. బురదలో మాత్రం తొక్కకూడదు. అది బట్టలు పాడవుతాయని చెప్పే మాట కాదు. టైరు వేసిన చాలులోకి తర్వాతి వాన నీరు దిగి, ఒక్క కాలంలోనే దాన్ని కాలువ చేస్తుంది. ఆ దారి సైకిళ్లు నడిపేవారిది కాదు. కట్టెలూ పంటా నెత్తిన మోసుకుని రోజూ నడిచేవారిది. టైరు ముద్ర వేలు లోతున దిగిందంటే వెనక్కి తిరగడమే మర్యాద.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిగా, గాలి చల్లగా ఉంటుంది. తెల్లవారుజామున మంచు పడ్డ రాళ్లు మాత్రం జారతాయి. మార్చి నుంచి జీడితోటల్లో మరో కథ. చెట్ల కింద ఎండుటాకు మందంగా పరుచుకుని గుంటలనూ రాళ్లనూ కప్పేస్తుంది. గింజ కోసుకున్నాక వదిలేసిన జీడిపళ్లు ఆకుల్లో చితికి నూనె పోసినంత జారుడు తెస్తాయి. అదే సమయంలో తోటల్లో గింజలు ఏరే ఆడవాళ్లూ పిల్లలూ వంగి పని చేసుకుంటూ ఉంటారు. తోట దారిలో వేగం తగ్గించి గంట కొట్టి వెళ్లడం తప్పనిసరి.

అక్టోబరు తుపానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తుపాను తర్వాత దారికి అడ్డంగా పడ్డ చెట్టు ఒక్కటే ప్రమాదం కాదు. వేళ్లతో లేచిపోయిన చెట్టు వెనక మనిషి దిగేంత గొయ్యి ఉంటుంది, పైన సగం విరిగిన కొమ్మ వేలాడుతూ ఉంటుంది. ఉద్దానంలో ఎలుగుబంట్లు ఉన్నాయి. తెల్లవారుజామున, చీకటి పడే వేళ తోటల్లో సైకిల్ నడపడం తెలివైన పని కాదు. పార్వతీపురం మన్యం జిల్లాలో కొన్నేళ్లుగా ఏనుగుల గుంపులు తిరుగుతున్నాయి. సీతంపేట వైపు కొండలకు వెళ్లేవారు ముందు దారిలోని ఊరివారిని అడగాలి. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి కావాలి. శాలిహుండంలో కొండమీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి, కింద వంశధార పారుతుంది. అక్కడ సైకిల్ కొండ అడుగునే ఆపి మెట్లు కాలినడకన ఎక్కాలి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద టైరు అసలు పడకూడదు. వేల ఏళ్లలో ఏర్పడిన ఆ దిబ్బల కోత ఒక టైరు గీతతో పెరుగుతుంది.

నడిపే పద్ధతి నిలబడటంతో మొదలవుతుంది. దిగుడులో సీటు మీద కూర్చోకూడదు. పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా ఉంచి, మడమలు కొంచెం కిందికి వంచి, మోకాళ్లూ మోచేతులూ వదులుగా మడిచి నిలబడాలి. అప్పుడు సైకిల్ కింద ఎగిరినా ఒళ్లు ఎగరదు. చూపు ముందు చక్రం దగ్గర కాకుండా నాలుగైదు సైకిళ్ల దూరంలో ఉండాలి. ఏ రాయిని తప్పించాలనుకుని దాన్నే చూస్తారో ఆ రాయికే వెళ్లి తగులుతారు. ఇది కొత్తవారందరికీ ఎదురయ్యేదే.

బ్రేకులో బలం ముందు చక్రానిదే. దాన్ని ఒక్కసారిగా గట్టిగా పట్టినందుకే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. రెండు బ్రేకుల మీదా ఒక్కొక్క వేలు ఉంచి, మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో వాటిని వదిలేయాలి. బయటి వైపు పెడల్ కిందికి నొక్కి, సైకిల్‌ను లోపలికి వంచి, ఒంటిని నిటారుగా ఉంచితే గ్రావెల్ మీద కూడా టైరు పట్టు దొరుకుతుంది. ఎక్కుడులో ఛాతీ ముందుకు వంచి, సీటు ముందు కొసకు జరిగి, తేలిక గేరులో ఒకే లయలో తొక్కాలి. లేచి నిలబడితే వెనక చక్రం గ్రావెల్‌లో తిరుగుతూ ఉండిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి పరీక్షకు వచ్చేది గెడ్డ, అంటే కొండవాగు, దాటేచోట. దారి నిలువుగా దిగి గెడ్డలో కలుస్తుంది. దిగుడు మొదట్లో గ్రావెల్ ఉంటుంది, ఆఖరి రెండు మూడు గజాల్లో చెమ్మగిల్లిన మట్టి, నీటిలో పాచి పట్టిన గుండ్రాళ్లు, అవతల గట్టున ఇసుక. గ్రావెల్ మీదే వేగం తగ్గించాలి, ఎందుకంటే చెమ్మమట్టి మీద బ్రేకు పట్టితే చక్రం పక్కకు పోతుంది. నీటిలోకి దిగేముందు బ్రేకులు పూర్తిగా వదిలి, హ్యాండిల్ తిప్పకుండా, రాళ్ల మధ్య ముందే ఎంచుకున్న గీత మీద నేరుగా వెళ్లాలి. గేరు దిగేముందే మార్చుకోవాలి. అవతలి ఇసుకలో మార్చబోతే చైను బిగుసుకుంటుంది. నీటి లోతు తెలియకపోతే దిగి నడిచి చూడాలి. కొండలో వాన పడితే కింద ఎండ కాస్తున్నా గెడ్డ క్షణాల్లో పొంగుతుంది.

టైరు గాలి కూడా పాటవంలో భాగమే. రోడ్డు మీద 40 పీఎస్‌ఐ దాకా పెట్టే వెడల్పు టైరును, మధ్యరకం బరువున్న మనిషి కొండదారికి 28–30కి దించుకోవాలి. ట్యూబ్‌లెస్ అయితే 22–25 చాలు. సర్కారు తుమ్మ ముల్లు ఉన్న మెట్టల్లో లోపల సీలెంట్ ద్రవం పోసిన ట్యూబ్‌లెస్ టైర్లే నమ్మకం.

ఇంత చేసినా పడతారు. పడేటప్పుడు చెయ్యి చాచి నేలను ఆపబోవడం సహజం. మణికట్టు ఎక్కువగా విరిగేది అందుకే. చేతులు మడుచుకుని భుజం, వీపు మీదుగా దొర్లగలిగితే దెబ్బ చెదిరిపోతుంది. గడ్డినేల మీద దీన్ని ముందే సాధన చేయవచ్చు. పడిన వెంటనే లేవకూడదు. ఆ ఉద్రేకంలో కొన్ని నిమిషాలు నొప్పి తెలియదు. మెడ నొప్పి, చేతులూ కాళ్లూ తిమ్మిరి ఉంటే కదపకుండా, హెల్మెట్ తీయకుండా సాయం కోసం ఆగాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు కాపాడింది, కానీ అంబులెన్స్ రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. కొండ ఊళ్ల నుంచి రోగుల్ని నేటికీ డోలీ కట్టి కిందికి మోస్తున్నారు. ఒంటరిగా కొండ ఎక్కకూడదన్నది అందుకే.

దోక్కుపోయిన గాయంలో ఎర్రమట్టి, ఇసుక ఇరుక్కుంటాయి. శుభ్రమైన నీటి ధార కింద సబ్బుతో ఓపికగా కడగాలి. పసుపు, కాఫీ పొడి అద్దడం మంచిది కాదు, అవి మట్టిని లోపలే ఉంచేస్తాయి. ధనుర్వాతం ఇంజక్షన్ సంగతి డాక్టరును ఆ రోజే అడగాలి. బొటనవేలి కింద మణికట్టు గుంటలో నొప్పి ఉంటే స్కాఫాయిడ్ ఎముక అనుమానించాలి. తొలి ఎక్స్‌రేలో ఆ పగులు కనిపించకపోవచ్చు. పది పన్నెండు రోజుల తర్వాత మళ్లీ తీయించాలి. కట్టు వైద్యం మీద తెలుగువారికి నమ్మకం ఎక్కువ. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలతో కట్టే పుత్తూరు కట్టు రాష్ట్రమంతటికీ తెలుసు. విరిగిన ఎముకను కదలనివ్వకూడదన్న దాని మూలసూత్రం సరైనదే. ఎక్స్‌రే తీయకుండా కట్టించుకోవడం మాత్రం ప్రమాదం. కట్టిన చేతి వేళ్లు చల్లబడినా, నీలిబారినా, స్పర్శ తగ్గినా ఆ క్షణమే కట్టు విప్పించాలి.

తలకు తగిలిన దెబ్బ వీటన్నిటికన్నా పెద్దది. స్పృహ తప్పకపోయినా మెదడు అదరవచ్చు. తలనొప్పి, వాంతి, తికమక, వెలుతురు భరించలేకపోవడం దాని గుర్తులు. వాంతులు ఆగకపోయినా, మత్తు పెరిగినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మిగతావారికి మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆపై నడక, ఆపై ఇంట్లో కదలని సైకిల్, ఆపై చదునైన దారి. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు ఇవ్వాలి. లక్షణం తిరిగి వస్తే ఒక మెట్టు వెనక్కి రావాలి. కొండదారి డాక్టరు సరేనన్నాకే. ఈ ఓపిక మాట అరసవల్లి సూర్యదేవాలయ స్థలపురాణంలోనూ ఉంది: వేళ కాని వేళ శివుడి గుడిలోకి చొరబడబోయిన ఇంద్రుడు నంది తన్నుకు స్పృహ తప్పాడు. కలలో విన్న మాట ప్రకారం సూర్యుణ్ణి ప్రతిష్ఠించాకే కోలుకున్నాడు. ఆరోగ్యం కోసం జనం నేటికీ ఆ సూర్యుడి గుడికి వస్తారు. 

విరిగిన కాలర్ బోన్ అతుక్కోవడానికి పెద్దవారిలో ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆలోగా భుజం బిగుసుకుపోకుండా ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికలు చేయాలి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగున్నా పారేయాలి; లోపలి నురుగు పొర ఒక్కసారి నలిగితే మళ్లీ కాపాడదు. హ్యాండిల్, ఫోర్కు, డెరైల్యూర్ హ్యాంగర్ వంకర తిరిగాయేమో మెకానిక్ చూడాలి. భయం ఒంటికన్నా ఆలస్యంగా తగ్గుతుంది. పడ్డ చోటికి మొదటిసారి సైకిల్ లేకుండా నడిచి వెళ్లి, ఏ రాయి, ఏ గ్రావెల్, ఏ బ్రేకు తప్పో చూసుకోవాలి. తర్వాత అంతకన్నా తేలికైన దిగుడులో, నేల సరిగ్గా చెమ్మగా ఉన్న రోజున మొదలుపెట్టాలి.