రెండవసారి చదువవలసిన కథ

నా పదునాలుగవ యేట అద్దె పుస్తకముల దుకాణమునుండి తెచ్చుకొన్న కొమ్మూరి సాంబశివరావు నవల యొకటి, అట్ట చినిగి పుటల అంచులు మెత్తబడినది, సగము చదివితినో లేదో, నాకు ముందు చదివినవారెవరో ఒక పాత్ర పేరు క్రింద పెన్సిలుతో గీటు పెట్టి, ప్రక్కన ‘హంతకుడు వీడే’ అని వ్రాసియుండుట కంటబడినది. డిటెక్టివ్ యుగంధరు, ఆయన సహాయకుడు రాజు ఆ రాత్రి నాకిక చెప్పవలసినదేమియు లేదని దుఃఖపడితిని. అద్దె యిచ్చినందుకైనను ముగింపవలెనని ముందుకు సాగితిని. సాగినకొలదియు ఒక వింత తోచినది. ఆ పాత్ర ఎక్కడ నవ్వినను, ఎందుకు తడబడినను, రచయిత ఆ చోట ఎంత జాగ్రత్తతో మాట యేర్చినాడో నాకు కనబడజొచ్చినది. నా ఉత్కంఠను హరించిన ఆ గీటే విమర్శకుని చూపు ఎట్టిదో నాకు తొలిసారి నేర్పినది.

1841లో ఎడ్గార్ అలన్ పో పారిసు నగరపు జంట హత్యల కథను వ్రాసిన నాటినుండి, ఈ జాతి రచనలలో నిజమునకు రెండు కథలు ఇమిడియున్నవి. నేరము జరిగిన కథ యొకటి. గ్రంథము తెఱచునప్పటికే అది చాలవఱకు ముగిసి, పాతిన విత్తువలె నేలలో దాగియుండును. ఆ నేరము బయటపడు కథ రెండవది. దీనిలోని ప్రతి వాక్యమును మొదటి కథకు లోబడి నడువవలెను, లోబడినట్లు తొలిసారి చదువువానికి తెలియరాదు. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యమును రామకథకును భారతకథకును అన్వయింపజేసినపుడు మనము చేతులు జోడింతుము. కళాపూర్ణోదయమున తొలుత అంతుపట్టని సంఘటనల కారణములను వెనుకకు మరలి యొక్కొక్కటిగ విప్పినపుడు ఆయన కథాసంవిధానమునకు ఆశ్చర్యపడుదుము. అట్టి కవిని కన్న భాషలో, ముందొక యర్థమును వెనుక మఱియొక యర్థమును ఇచ్చు వాక్యములను నేర్పుతో కూర్చువానిని కాలక్షేపపు రచయిత యని త్రోసివేయుట నాకెన్నడును న్యాయముగ తోచలేదు.

ఆచూకిని అందఱి యెదుటను ఉంచి చూపరుల దృష్టిని మరలించుట ఈ విద్యలోని జీవము. మేజా మీది వస్తువులను వర్ణించుచు కత్తి, ఖాళీ గ్లాసు, ఆగిన గడియారము, సగము కాలిన ఉత్తరము అని వరుసగ చెప్పినచో మన మనస్సు ఉత్తరము వెంట పరుగెత్తును. రచయితకు కావలసినది గ్లాసు. మఱియొకచోట ముఖ్యమైన మాటను, ఎవరును శ్రద్ధగ వినని ముసలమ్మ ముచ్చటలో పలికించి, ఆమె ముగించులోపలనే ఎవరిచేతనో తలుపు దబదబ కొట్టించును. అన్నిటికంటె సూక్ష్మమైనది లేనిదానిని సాక్ష్యముగ నిలుపుట. 1892లో కోనన్ డాయిల్ వ్రాసిన ‘సిల్వర్ బ్లేజ్’ కథలో రాత్రివేళ గుఱ్ఱపుసాలలో కుక్క మొఱగకుండుటయే షెర్లాక్ హోమ్స్‌కు దారి చూపినది. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కనబడకుండుటను, ప్రత్యేక ప్రమాణముగ అంగీకరించిన సంగతి తెలిసినవారికి ఈ కుక్క పరాయిది గాదు. అట్లే పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నాడు గావున రాత్రి భుజించుచుండవలెనను అర్థాపత్తి, ప్రతి పరిశోధకుని తుదిప్రసంగమునకును వెన్నెముక వంటిది.

ఇంత కపటమునకు ఒక ధర్మమర్యాద యుండవలెను గదా. 1929లో రోనాల్డ్ నాక్స్ అను క్యాథలిక్ మతాచార్యుడు, తాను స్వయముగ ఈ కథలు వ్రాయువాడు, పది నియమములు కూర్చినాడు. 1930లో లండనులో వెలసిన డిటెక్షన్ క్లబ్బు సభ్యులు ముఖ్యమైన ఆచూకిని పాఠకునినుండి దాచబోమని ప్రమాణము చేసెడివారు. జి. కె. చెస్టర్‌టన్ వారికి ప్రథమాధ్యక్షుడు. ఎల్లరీ క్వీన్ పేరిట వచ్చిన తొలి నవలలలో, పరిష్కారమునకు ముందు కథను ఆపి, కావలసిన ఆధారములన్నియు నీ చేతికి వచ్చినవి, ఇక నీవే చెప్పుమని పాఠకుని నేరుగ సవాలు చేయుట గలదు. 1926లో అగాథా క్రిస్టీ ‘రోజర్ అక్రాయిడ్ హత్య’ వెలువడినపుడు మోసము జరిగినదని కొందఱు మండిపడిరి. డొరొతీ సేయర్స్ క్రిస్టీ పక్షమున నిలిచినది. వివాదమునకు మూలమైన యుక్తి యేదో నేనిక్కడ చెప్పను. ఆ గ్రంథమును ఇంకను చదువని వారొక్కరైనను ఈ వ్యాసమును చూడవచ్చును. ముగింపు తెలిసిన పిదప మొదటి అధ్యాయమును మరల తెఱచి, అబద్ధమైన వాక్యము ఒక్కటైనను దొరకునేమో వెదకుడని మాత్రము చెప్పగలను.

ఆంథొనీ బర్క్‌లీ 1929లో వ్రాసిన విషపు చాకొలెట్ల నవలను ఈ ప్రసంగములో విడువజాలను. అందు ఒక సంఘములోని ఆర్గురు సభ్యులు ఒకే హత్యను చర్చించి, ఒకరి తరువాత నొకరు వేర్వేరు పరిష్కారములు చెప్పుదురు. చెప్పినంతసేపు ప్రతి పరిష్కారమును నమ్మదగినదే, తరువాతివారు లేచి నిలువగనే కూలిపోవును. సమీక్షకునికి ఇంతకు మించిన గురువు లేడు. తుది పరిష్కారము సాధ్యమైన యొకటియా, లేక తక్కినవానిని అసాధ్యము చేయునదియా అని ప్రశ్నింప నేర్చుకొన్నవాడు రచయితను న్యాయముగ తూచగలడు.

మన ప్రాచీనులు మఱియొక దారియు చూపినారు. శూద్రకుని మృచ్ఛకటిక నాటకమున శకారుడు వసంతసేన గొంతు నులుముట మనము కన్నులార చూచితిమి. ఆ శకారుడే తొమ్మిదవ అంకమున న్యాయసభకు వచ్చి చారుదత్తునిపై నేరము మోపును. ఉద్యానములో ఎవరిదో స్త్రీ కళేబరము దొరకును, విదూషకుని ఒడినుండి నగలు జారిపడును, సత్యవంతుడైన న్యాయాధికారి నిస్సహాయుడగును. హంతకుని తొలుతనే చూపి కథ నడుపు పద్ధతిని ఆంగ్లమున 1912లో ఆస్టిన్ ఫ్రీమన్ ప్రవేశపెట్టినాడని విమర్శకులు చెప్పుదురు. ఆ రసమును శూద్రకుడు ఏనాడో పండించియున్నాడు. రహస్యము పోయినను నిలుచు రచన యెట్టిదో చూడగోరువారు ఆ అంకమును చదువవలెను.

1944, 45 సంవత్సరములలో ఎడ్మండ్ విల్సన్ వంటి మహావిమర్శకుడు ఈ నవలలు చదువుట వ్యర్థమని తీర్పు చెప్పినాడు. ఆయన తొందరపడినాడని నా దృఢవిశ్వాసము. ఆంథొనీ బౌచర్ 1951 మొదలు 1968లో మరణించువఱకు న్యూయార్కు టైమ్సు పత్రికలో వీనినే ఓపికతో, ప్రేమతో సమీక్షించినాడు. మన తెలుగులో లక్షలమంది చదివిన ఈ నవలలకు అట్టి ఓపికగల సమీక్ష అరుదుగనే దక్కినది. చదువరుల చేతులలో చినిగిన పుటలే వాని కీర్తిపత్రములైనవి. సమీక్షింపబూనువాడు ఒకసారి పాఠకుడై మోసపోవలెను, మఱియొకసారి పనివాడై పరిశీలింపవలెను, పిదప రెండవసారి చూచినదానిని తొలిసారి చదువబోవువారికి చెడకుండ చెప్పవలెను. మూడవ పని మిక్కిలి కష్టము. పాత్రల పేర్లెత్తక బిగువును, ముగింపు తాకక దాని న్యాయమును చెప్పుటకు భాష మీద పట్టు కావలెను.

ఆ కొమ్మూరి నవలను మఱునాడు దుకాణమునకు తిరిగి యిచ్చుటకు ముందు, మా అన్నయ్య రబ్బరు అడిగి తీసికొని, కాగితము చిరుగకుండ మెల్లగ రుద్ది, ఆ పెన్సిలు గీటును, దాని ప్రక్క మాటలను తుడిచివేసితిని.