చెరువు ఎండినా చెదరని ఊరు

బెంగళూరు కరగ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆ ఒక్క రాత్రి గురించే రాస్తారు. చైత్ర పౌర్ణమినాడు అర్ధరాత్రి దాటాక తిగళరపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి, చీర కట్టి గాజులు తొడుక్కున్న ఒక పురుషుడు ద్రౌపదీదేవికి మారుగా బయటికి వస్తాడు. నెత్తిన కరగ అనే మల్లెపూల గోపురం. దాన్ని చేత్తో పట్టుకోకూడదు. చుట్టూ కత్తులు దూసిన వీరకుమారులు, గోవింద నామాలు, పాతపేట వీధుల్లో తెల్లవార్లూ ఊరేగింపు. కన్నులపండుగే, కాదనలేం. కానీ పండుగను పండుగగానే చూస్తే దాన్ని మోస్తున్న ఊరు కనిపించదు. తిగళులనే తోటమాలుల ఊరు ఒకటి ఈ నగరం నడిబొడ్డున ఉండేది. దాని భూమి పోయింది, నీళ్లు పోయాయి. అయినా పనులు పంచుకునే పద్ధతి మాత్రం కరగలో ఇంకా నడుస్తోంది. కరగ విలువ అక్కడే ఉందని నా వాదన.

ఆ ఊరి పనితనం తెలియాలంటే ముందు నీళ్ల సంగతి చూడాలి. బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. మిట్టమీది ఊరు కాబట్టి వానను చెరువుల్లో పట్టుకోవాలి; ఒకటి నిండితే కాలువ వెంట కిందిదానికి అలుగు పారాలి. 1537లో కెంపేగౌడ పేట కట్టించిన నాటి నుంచీ ఈ గొలుసుకట్టు చెరువులే దిక్కు. వాటి కట్టల కింద కూరగాయలు, ఆకుకూరలు, పూలు పండించిన వాళ్లలో ముఖ్యులు తిగళులు. వహ్నికుల క్షత్రియులమని చెప్పుకుంటారు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌లోనూ వాళ్ల పనితనం ఉందంటారు. వరిమడికి చెరువు తూము విప్పితే సరిపోతుంది. మెంతికూర మడికి అలా కుదరదు. దాని వేరు పైపైనే ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది, రెండు రోజులు తప్పితే వాడుతుంది. అందుకే తూము నీళ్లకు తోడు బావి ఉండాలి, ఆ బావి మీద కపిల ఉండాలి. ఎద్దులు పల్లానికి నడిస్తే తోలుబాన పైకి వస్తుంది, తొట్టిలో ఒలికిన నీళ్లు బోదెల వెంట చిన్న చిన్న మడుల్లోకి చేరతాయి. ఒక మడిలో కొత్తిమీర కోతకొస్తుంటే పక్క మడిలో విత్తనం పడాలి, లేకపోతే రేపు సంతకు తీసుకెళ్లేది ఉండదు. ఎండాకాలంలో చెరువు పూడికమట్టి తోలుకుని మడులకు చల్లితే అటు చెరువు లోతూ మిగిలేది, ఇటు పొలం బలమూ పెరిగేది. ఈ సేద్యం ఒంటరి రైతు వల్ల అయ్యేది కాదు. వంతులు ఉండాలి, వంతు తప్పినవాణ్ని నిలదీసే పెద్దలు ఉండాలి.

ఈ వ్యవస్థ దానంతటదే ముసలిదై పోలేదు. దాని కాళ్లకింది నీళ్లను లాగేశారు. సంపంగి చెరువు కథ ఇందుకు సాక్ష్యం. 19వ శతాబ్దం చివర్లో కంటోన్మెంటు దొరలకు అక్కడ పోలో ఆడేందుకు ఎండిన నేల కావాల్సి వచ్చింది. తోటలవాళ్లకు నిండిన చెరువు కావాలి. తిగళులు అర్జీలు పెట్టుకున్నారు. 1890లలో హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్లు రావడంతో ఊరి చెరువుల అవసరం నగరపాలకులకు తగ్గింది, అర్జీలకు బలమూ తగ్గింది. కాలక్రమంలో సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. ధర్మాంబుధి చెరువు బస్టాండు అయింది. సిద్ధికట్టె చెరువు ఉన్నచోట కె.ఆర్. మార్కెట్ లేచింది. కూరగాయలు పండించిన నీళ్లను పూడ్చిన చోటే కూరగాయలు అమ్ముకోవడమంటే ఇదే మరి!

అయినా సంపంగి చెరువును పూర్తిగా చెరిపెయ్యలేకపోయారు. చిన్న కుంట ఒకటి మిగిలింది. మిగలడానికి కారణం కరగే. పౌర్ణమి రాత్రి బయల్దేరే పూల కరగకు ముందు జరిగే హసి కరగ అనే తంతుకు నీటి ఒడ్డు తప్పనిసరి. చెరువు మట్టికీ ఆ తంతుకీ ముడి ఉంది. ఆ తతంగాన్ని నడిపే యంత్రాంగం చూడండి. గౌడ, గణాచారి, గంటె పూజారి, చక్రిదారు, కులపురోహితుడు: ఒక్కో బాధ్యత వంశపారంపర్యంగా ఒక్కో ఇంటిది. పాతపేటలోని గరిడీల్లో (వ్యాయామశాలల్లో) తర్ఫీదు పొందిన మగపిల్లలు వీరకుమారులవుతారు, కత్తిని గుండెకు తాకించుకునే అలగు సేవ నేర్చుకుంటారు. కరగ జారితే మోసేవాడి ప్రాణం దక్కదని ఒక మాట ఉంది. అది ఎంత నిజమో పక్కన పెడితే, అసలు పరీక్ష వాడి మెడకీ నడుముకీ. నెలల తరబడి నియమం, సాధన ఉంటేగాని ఆ బరువు రాత్రంతా నిలవదు. వంతులు, బాధ్యతలు, పెద్దల అజమాయిషీ అన్నీ తోట సేద్యం నాటి కట్టుబాట్లేనని నాకు అనిపిస్తుంది. 2020లోనూ 2021లోనూ కోవిడ్ వల్ల ఊరేగింపు లేదు, గుడిలోపలే కొద్దిమందితో తంతు ముగించారు. జనం లేకుండా జరిగిందంటే అది జనం చూడటానికి మాత్రమే పెట్టుకున్నది కాదన్నమాట.

ఇలా ఊరిని ఏటేటా కట్టుకునేవాళ్లు వేరేచోట్లా ఉన్నారు. యునాన్, బర్మా, లావోస్, థాయ్‌లాండ్ కొండల్లోని అఖా జనం పొలిమేరలో ఏటా కొత్త ద్వారం నిలబెట్టుకుంటారు. పోడు కొండలు చేజారి కాఫీ తోటలు వచ్చాక, చాలామంది క్రైస్తవంలో చేరాక, చాలాచోట్ల ఆ ద్వారం నిలబెట్టేవాళ్లు తగ్గారు. మనకు దగ్గర్లో చిత్తూరు జిల్లా ధర్మరాజుల గుళ్లు ఉన్నాయి: పగలు హరికథ, రాత్రి వీధినాటకం, తపస్సు మాను ఎక్కే అర్జునుడు, దుర్యోధన వధ, చివర్లో అగ్నిగుండం. ద్రౌపది కొలువు రెండుచోట్లా ఒకటే. కాకపోతే చిత్తూరు పల్లెకు చుట్టూ పొలం ఉంది. తిగళరపేటకు చుట్టూ ఉన్నవి బట్టల కొట్లు, కరెంటు సామాన్ల దుకాణాలు. అందుకే బెంగళూరు ఉదాహరణ ఎక్కువ చెబుతుంది.

దీనికి ఎదురుప్రశ్నలు ఉన్నాయి. మొదటిది, పాత ఊరిని నేను తీపిచేసి చెబుతున్నానన్నది. నిజానికి ఆ ఊరు సమానత్వం ఎరిగినది కాదు. చెరువు నీళ్లు పంచే నీరుగంటి చాలా ఊళ్లలో దళితుడే. పంపకం కచ్చితంగా ఉన్నా ఫలం అతని వాటాకు అంతగా వచ్చేది కాదు. కరగలోనూ దేవత స్త్రీ, మోసేది మగవాడు. సంప్రదాయం ప్రకారం అతని భార్య తన తాళినీ గాజులనూ అతనికిచ్చి, తంతు ముగిసేదాకా వేరుగా ఉండాలి. ఇది గొప్ప అని నేను అనను. ఆడపిల్లలకు గరిడీ తలుపులు తెరిచే నిర్ణయం ఆ కులం లోపలి నుంచే రావాలి, వస్తే మేలు. రెండోది, ఇలాంటి ఆచారాలు జనాన్ని విడదీస్తాయన్నది. దీనికి కరగ దారే జవాబు. ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్లి వస్తుంది. 2022లో కొన్ని సంఘాలు అది ఆపాలన్నాయి. గుడి పెద్దలు ఆపలేదు. వాళ్లను నిలబెట్టింది ఉపన్యాసం కాదు, దారి మార్చే హక్కు ఒక్కరిదే కాదన్న పాత కట్టుబాటు.

మూడోదే బరువైనది: ఇంత కట్టుబాటు ఉండి చెరువును కాపాడలేకపోయిందిగా? అవును, కాపాడలేకపోయింది. ఆచారం కుంటను మిగిల్చింది. నీళ్లను మిగల్చడానికి అధికారం కావాలి, అది తోటమాలుల చేతిలో లేదు. ఇప్పుడు నగరానికి నీళ్లు దూరం నుంచి వస్తాయి: 1974 నుంచి కావేరి నీళ్లు వస్తున్నాయి, వాడేసిన నీళ్లు బయటికి పోతున్నాయి. 2018 నుంచి ఆ మురుగునీటిని రెండంచెలు శుద్ధిచేసి కోరమంగల–చల్లఘట్ట లోయ నుంచి కోలారు చెరువుల్లోకి ఎత్తిపోస్తున్నారు. తెలుగు మాట్లాడే ఊళ్లు అక్కడ బోలెడు. కరగ చేసే ఊళ్లూ ఉన్నాయి. ఎండిన బావుల్లో నీరు ఊరిందని కొందరు రైతులు సంతోషిస్తున్నారు, మూడో అంచె శుద్ధి లేకుండా ఈ నీళ్లు వద్దని మరికొందరు కోర్టుకెక్కారు. సంపంగి కట్టకింద తిగళులు పెట్టిన అర్జీ లాంటిదే ఇదీ. పండుగ రాత్రికి నిధులిచ్చే ప్రభుత్వం మూడో అంచె శుద్ధికీ నిధులు చూపాలి. బెంగళూరు తినే టమాటా, కొత్తిమీరలో కొంత ఇప్పుడు ఆ చెరువుల కింద పండుతోంది.