పక్షవాత రోగుల పరీక్షలు - వాని విశ్వసనీయత

పక్షవాతము వచ్చి ఆసుపత్రిలో చేరిన రోగి మొదటి వారమున కుర్చీనుండి లేవలేకపోవచ్చును. మరు వారము నర్సు చేయి పట్టుకొని నాలుగడుగులు వేయును. రోగి మెరుగైనాడని బంధువులు సంతోషింతురు. కాని ఎంత మెరుగైనాడు? ఇంటికి పంపినచో పడిపోకుండునా? ఈ ప్రశ్నలకు కంటి అంచనా చాలదు గనుకనే శరీర సామర్థ్య పరీక్షలు పుట్టినవి. వాని ప్రయోజనము కాదనరానిది. అయితే వాని విశ్వసనీయతను చాటు పద్ధతిలో ఒక లోపము పరిపాటియైనది.

ఈ పరీక్షలలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. కెనడాలో కాథరీన్ బెర్గ్ ప్రభృతులు 1989లో ప్రకటించిన బెర్గ్ బ్యాలెన్స్ స్కేలులో 14 పనులున్నవి. కుర్చీనుండి లేచుట, కన్నులు మూసికొని నిలుచుట, ఒంటికాలిపై నిలుచుట మున్నగునవి. ఒక్కొక్క పనికి 0 మొదలు 4 వరకు మార్కులు, మొత్తము 56. 1991లో వెలువడిన టైమ్డ్ అప్ అండ్ గో పరీక్ష ఇంకను సులభము. రోగి కుర్చీనుండి లేచి, 3 మీటర్లు నడచి, వెనుదిరిగి వచ్చి కూర్చుండవలెను; పట్టిన కాలమును సెకండ్లలో లెక్కింతురు.

ఒకే బియ్యపు బస్తాను రెండుమారులు తూచినపుడు త్రాసు ఒకే బరువు చూపవలెను. అట్లే రోగి స్థితి మారనపుడు పరీక్షా ఫలితమును మారరాదు. ఇదియే విశ్వసనీయత. అయితే రోగి బియ్యపు బస్తా కాడు. ఉదయము ఉత్సాహముగా నుండి సాయంత్రమునకు అలసిపోవును. “మామూలుగా నడువుము” అనినప్పటి వేగము వేరు, “త్వరగా నడువుము” అనినప్పటి వేగము వేరు.

పరీక్షకు లభించిన గుణకము 0.90 దాటినచో అది నమ్మదగినదని తీర్మానించుట నేడు పరిపాటి. ఇందు మొదటి చిక్కు సహసంబంధ గుణకముతో వచ్చును. ఒక పరీక్షకుడు ప్రతి రోగికిని రెండవ పరీక్షకునికంటె 4 మార్కులు అధికముగా వేసెననుకొందము. వారి సహసంబంధము సంపూర్ణముగా 1 వచ్చును; కాని ఏ ఒక్క రోగి విషయమునను వారి కొలతలు ఏకీభవింపవు! బ్లాండ్, ఆల్ట్‌మన్ అను సంఖ్యాశాస్త్రజ్ఞులు 1986లో ఈ పొరపాటును ఎత్తిచూపి, రెండు కొలతల భేదములనే పరిశీలింపుడని బోధించిరి.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. ఇట్టి స్థిరభేదమును పట్టుకొను గుణకములు సైతము రోగుల గుంపుపై ఆధారపడును. ఒక పరీక్షలో కొలతదోషము 3 మార్కులనుకొందము. మంచము దిగలేనివారు, చక్కగా నడచువారు కలిసిన గుంపులో మార్కుల క్రమ విచలనము 12 అయినచో గుణకము 0.94 వచ్చును. ఇంచుమించు ఒకే స్థితిలోనున్న రోగుల గుంపులో అది 5 అయినచో గుణకము 0.64కు దిగును. పరీక్ష మారలేదు, దోషము మారలేదు. గుంపు మాత్రమే మారినది. ఆ దోషముతో ఒక రోగి నిజముగా మారెనని నూటికి 95 పాళ్లు నమ్మవలెనన్న సుమారు 8 మార్కుల భేదముండవలెను. 30 నుండి 35కు పెరిగినంత మాత్రమున మెరుగైనాడని చెప్పుటకు వీలులేదు. 0.94 అను అంకె ఈ సంగతిని దాచివేయుచున్నది.

ఆసుపత్రిలో మరికొన్ని ఇబ్బందులు కలవు. రెండు పరీక్షలకు నడుమ వారము గడచినచో రోగి నిజముగానే కోలుకొనవచ్చును. గంట మాత్రమే గడచినచో అలసటయో, అభ్యాసమో ఫలితమును మార్చును. ఒకే వీడియోను ఇరువురికి చూపి మార్కులు వేయించినచో పరీక్షకుల ఏకాభిప్రాయము తెలియునుగాని, రోగి నిలుకడ తెలియదు. నడువలేని రోగులను నడకపరీక్షనుండి తొలగించినచో ఫలితము మిగిలినవారికే చెల్లును. టైమ్డ్ అప్ అండ్ గో పరీక్షను మొదట పరిశీలించినది పగటిపూట ఆసుపత్రికి వచ్చిపోవు 60 మంది వృద్ధులపైన. ఆ ఫలితమును పక్షవాతము వచ్చి మంచముపైనున్న రోగికి అట్లే అన్వయించుట తగదు.

ఇంతమాత్రమున ఈ పరీక్షలను పారవేయ నక్కరలేదు. ఒకే కుర్చీ, ఒకే వేళ, ఒకే విధమైన ఆదేశము, వీలైనంతవరకు ఒకే పరీక్షకుడు - ఇవి పాటించినచో దోషము చాలవరకు తగ్గును. పరిశోధకులు గుణకముతోపాటు కొలతదోషమును మార్కులలో, సెకండ్లలో ప్రకటింపవలెను. ఏలయన వైద్యుని ఎదుట నిలుచునది గుంపు కాదు, ఒక్క రోగి. లేని మెరుగుదలను నమ్మి ఇంటికి పంపినచో అతడు పడిపోవచ్చును. ఉన్న మెరుగుదలను గుర్తింపనిచో అతనికి మేలుచేయుచున్న వ్యాయామమునే మాన్పింపవచ్చును.