ఉస్తాదు నడవడి: గజాలీ, ఇబ్నె ఖల్దూన్ అభిప్రాయాల పరిశీలన

దీనీ విద్య పిల్లల శీలాన్ని తీర్చిదిద్దుతుందని అందరూ అంటారు. అది ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు లోతుగా సమాధానం వెదికినవారిలో ఇమాం గజాలీ (1058–1111), ఇబ్నె ఖల్దూన్ (1332–1406) ముఖ్యులు.

గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ తొలి ప్రకరణంలో ఉస్తాదు విధులను వివరించారు. విద్యార్థిని కన్నబిడ్డగా చూడాలి; తప్పును నలుగురిలో ఎండగట్టక సూచనగా తెలపాలి; చెప్పినదాన్ని తాను ఆచరించాలి. కర్ర వంకరదైతే నీడ తిన్నగా పడదన్నది వారి ఉపమానం. తమ బోధనలో సంకల్పం నిర్మలంగా లేదని గ్రహించి, 1095లో బగ్దాదు నిజామియాలోని పదవినే వారు వదలుకున్నారు.

అయితే బోధనకు ప్రతిఫలం కోరరాదన్న వారి నియమాన్ని నేటి మక్తబు ఉస్తాదుపై యథాతథంగా మోపడం న్యాయం కాదు. జీతం లేకుంటే బోధకులు కరువై ఖుర్ఆను విద్యే అంతరిస్తుందన్న భయంతో తరువాతి హనఫీ ఫుఖహాలు వేతనాన్ని అనుమతించారు. ఉస్తాదును అర్ధాకలితో ఉంచే జమాఅతు గజాలీని సాక్ష్యానికి పిలవరాదు.

కఠిన దండనలో పెరిగిన పిల్లవాడు సోమరితనం, అబద్ధం, కపటం నేర్చుకుంటాడని ఇబ్నె ఖల్దూన్ 1377 నాటి ‘ముఖద్దిమా’లో హెచ్చరించారు. నమాజు నేర్పబోయి నిఫాఖు నేర్పినట్లవుతుందన్నమాట. అయినా తప్పనిసరైతే మూడు దెబ్బలు మించరాదన్న పూర్వుల అభిప్రాయాన్ని వారు ఉటంకించారు. ఇక్కడ వారి వాదన ముందు ఈ మినహాయింపు నిలవదు. కపటాన్ని నేర్పేది దెబ్బల లెక్క కాదు, భయం. పదేళ్లు సేవించిన హజ్రత్ అనస్ (రజి)ను దైవప్రవక్త (స) ఒక్కసారి కూడా విసుక్కోలేదన్న హదీసే ఇందుకు గీటురాయి.

2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది. 2012 సవరణ మదర్సాలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. చట్టం తప్పించినంత మాత్రాన అల్లాహ్ ఎదుట జవాబుదారీ తప్పదు.

మంగంపేట ముగ్గురాయి గనుల వంటి చోట, తండ్రి తెల్లవారి పనికి పోయి పొద్దుగూకి వచ్చే ఇంటి పిల్లవాడు సాయంత్రం దగ్గరగా చూసే పెద్దమనిషి ఒక్కోసారి ఉస్తాదే. అతడు నాజిరా పాఠంతో పాటు ఆయన మాట తీరును, కోపాన్ని, వాగ్దానాన్ని నిలుపుకునే పద్ధతిని కూడా చదువుతాడు. సూరాలు ఎన్ని కంఠస్థమయ్యాయని అడిగే తల్లిదండ్రులు, మస్జిదు కమిటీలు, ఉస్తాదు లేనిచోట కూడా పిల్లవాడు నిజం చెబుతున్నాడా అని అడగాలి. తర్బియత్‌కు అసలైన పరీక్ష అదే.