బండెక్కిన పందికొక్కు

పందికొక్కా, నిన్ను పొగడాలని కూర్చున్నాను. ఘట్‌కేసర్ రైతు వింటే నవ్వుతాడు, నవ్వనీ. ఒడ్డును గుల్ల చేసి మడి నీళ్లన్నీ జారిపోనిచ్చేదానివి నువ్వే. కోతకొచ్చిన వరి వెన్నుల్ని కొరికి, బొరియలో గాదె కట్టుకునేదానివీ నువ్వే. కోతలయ్యాక ఆ గాదె తవ్వుకుని గంజి కాచుకున్న పేదలూ ఉన్నారు. వాళ్లు నిన్నేమని తిట్టుకున్నారో మరి! ఇప్పుడు చాలా మడుల్లో ప్లాట్ల రాళ్లు మొలిచాయి.

తిండిపోతును తిట్టాలన్నా నీ పేరే, ఊరి సొమ్ము మింగినవాణ్ణి తిట్టాలన్నా నీ పేరే. ఆ పేరే సముద్రం దాటింది. కదిపితే పందిలా గురగురమంటావనేమో కొక్కుకు ముందు పందిని కట్టారు మనవాళ్లు. తెల్లదొర నోట పంది కాస్తా బండి అయింది, కొక్కు కూట్ అయింది. ఎంత ముద్దొచ్చే తప్పు! ఆ బండెక్కే కదా ఓడ దాకా పోయావు! 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ నీ పేరు పుట్టిల్లు తెలుగేనని రాశారు.

అప్పటికే నీ పేరు ఆస్ట్రేలియాలో కాపురం పెట్టింది. మూతి పొడుగున్న చిన్న జంతువును చూసి, నువ్వు గుర్తొచ్చి, దాన్నీ బ్యాండికూట్ అన్నారు. నీకూ దానికీ చుట్టరికం లేదు, అది కంగారూలాగా సంచిజీవి. వాటిలో ఒకదాని కాళ్లు పంది గిట్టల్లా ఉంటే పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్ అన్నారు. శాస్త్రం దాన్ని కీరోపస్ అంది. గ్రీకులో ఖోయిరోస్ అంటే పంది, పూస్ అంటే పాదం. గ్రీకు చదివేవాడికి ఒక పంది, ఇంగ్లీషువాడికి ఒక పంది, బ్యాండికూట్‌లో నక్కిన మూడో పంది మాత్రం మనకే కనిపిస్తుంది. మూడు భాషల పందుల్ని మోసిన ఆ బక్కజీవి ఇరవయ్యో శతాబ్దంలో అంతరించిపోయింది.

నువ్వు పోలేదు. శాస్త్రంలో నీ ప్రజాతి పేరు బ్యాండికోటా. మన పొలంగట్టు మాటకు లాటిన్ తోక!

నాచారంలో ఓ పిల్లవాడు, 1996లో పుట్టిన క్రాష్ బ్యాండికూట్ ఆటలో ఆ నారింజరంగు వీరుణ్ణి గెంతిస్తున్నాడు. వంటింట్లో బియ్యం బస్తా దగ్గర ఏదో గురగురమంది. కంట్రోలర్ పారేసి మంచమెక్కాడు.

"అమ్మా, పందికొక్కు!"