టిట్లీ వాన ఎటు పోయింది?

ఈ వారం నన్ను బాగా చికాకుపెట్టింది ఒక చిన్న ఆదేశం: రీసైజ్. రాజాం నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు 2018 నాటి శ్రీకాకుళం జిల్లా వర్షపాతాన్ని పైథాన్‌లోకి ఎక్కించాడు. అప్పటి 38 మండలాలు అడ్డువరుసలు, 12 నెలలు నిలువువరుసలు. ఏడాది మొత్తం చూపడానికి పదమూడో నిలువువరుస కావలసొచ్చి, నంపై లైబ్రరీలో ఆ పట్టికని, అంటే అర్రేని, 38, 13కి రీసైజ్ చేశాడు. ఎర్రర్ ఏదీ రాలేదు. కాసేపటికి ఫోను: "ఏటి మాస్టారూ, పదో మండలంలో జనవరిలో అంత వానేటండి?"

అది అక్టోబరు వాన. ఆ ఏడు అక్టోబరు 11న టిట్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. ఆ వాన జనవరిలోకి పోతే ఆ పట్టిక ఎవరికి పనికొస్తుంది?

మనకి పట్టికలా కనిపించేది మెమరీలో ఒకే పొడుగాటి వరుస. నంపై మామూలుగా అడ్డువరుసల్ని ఒకదాని వెనక ఒకటి పేరుస్తుంది. రీసైజ్ ఆ 456 అంకెల క్రమాన్ని కదపదు. చివర 38 సున్నాలు చేర్చి, పన్నెండేసికి బదులు పదమూడేసి చొప్పున విరుస్తుంది, అంతే. మొదటి మండలం బాగానే ఉంటుంది. రెండో మండలం అక్టోబరు సెప్టెంబరులోకి, పదోదాని అక్టోబరు జనవరిలోకి జరిగిపోతాయి. పదకొండో మండలం అక్టోబరు వాన పదో మండలం పదమూడో గడిలో పడి, అక్కడ ఏడాది మొత్తం రాయగానే చెరిగిపోతుంది. నాకు భయం వేసేది పదమూడో అడ్డువరుసని చూస్తే. అందులో పద్నాలుగో మండలం అంకెలు జనవరి నుంచి డిసెంబరు దాకా వరుస తప్పకుండా కూర్చుంటాయి. చూసినవాడికి అనుమానమే రాదు. మొత్తాలు రాయకముందు గడులన్నీ కూడి చూసినా జిల్లా లెక్క సరిపోతుంది. చివరి రెండు మండలాలకి మాత్రం ఏడాదంతా సున్నా. అదే పేరుతో నంపైలో ఉన్న ఇంకో ఫంక్షనైతే సున్నాలకి బదులు మొదటి అంకెల్నే మళ్లీ నింపుతుంది. అప్పుడు ఆ హెచ్చరిక కూడా ఉండదు.

సున్నా అంటే వాన పడలేదని. కొలత లేకపోవడం వేరు. అందుకే 38, 13 కొలతలతో కొత్త అర్రే తీసుకుని, ముందు ఎన్ఏఎన్‌తో, అంటే 'అంకె లేదు' అనే గుర్తుతో నింపి, పాతదాన్ని మొదటి పన్నెండు నిలువువరుసల్లోకి కాపీ చెయ్యమన్నాను.

నా పాత పాట మీకు తెలిసిందే: ముందు సైజు తేల్చు, తర్వాతే ప్రోగ్రాం. ఫోర్‌ట్రాన్ 77లో పెద్ద అర్రేని ముందే ప్రకటించి, అందులో కావలసినంత వాడుకునేవాళ్లం. విజయనగరం జిల్లా పుట్టిన 1979లోనే లిన్‌ప్యాక్ గైడు వచ్చింది. మాత్రికల మీద పనిచేసే లిన్‌ప్యాక్ సబ్‌రొటీన్లు చోటెంత, అందులో వాడుతున్నదెంత అని విడివిడిగా అడుగుతాయి. ప్రకటించిన హద్దులోపల వరుసలు ఎన్ని పెరిగినా పాత అంకె కదలదు. ఆ పద్ధతంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

అయితే 50 వరుసలకి చోటుంచుకున్నవాడు కూడా 2022 ఏప్రిల్ 4ని తట్టుకోలేడు. ఆ రోజు జిల్లాల్ని కొత్తగా విడదీసినప్పుడు శ్రీకాకుళం నుంచి రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరానికి వెళ్లాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని కొత్త జిల్లా పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. 38 కాస్తా 30 అయింది. విజయనగరం తన 34లో పదకొండింటిని మన్యానికిచ్చి, నాలుగు పుచ్చుకుని 27 దగ్గర ఆగింది. మన్యానికి 15. పాత రెండు జిల్లాల 72 మండలాలే ఈ మూడింటిలోనూ ఉన్నాయి. మన్యానికి వెళ్లిన సాలూరు నియోజకవర్గంలోదైనా మెంటాడ విజయనగరంలోనే ఉండిపోయింది కాబట్టి, నియోజకవర్గాల వారీగా వరుసల్ని గుత్తగా కోసి అతికించడానికీ లేదు. ఇది ఏ రీసైజ్‌కీ, ఎంత ముందుచూపుతో తీసుకున్న చోటుకీ లొంగే మార్పు కాదు.

అందుకని సైజు, సైజు అని ఇన్నాళ్లూ పోరిన నేనే చెబుతున్నాను: సమీకరణాలు సాధించడానికి అర్రే కావాలి గానీ, వాన లెక్కని అర్రేగా దాచొద్దు. మండలం, ఏడాది, నెల, మిల్లీమీటర్లు అని ఒక్కో కొలతకి ఒక్కో పంక్తి రాసుకోండి. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో వేరే పట్టీలో పెట్టండి. కావలసినప్పుడు కావలసిన సైజులో పట్టిక కట్టి, పనయ్యాక పారెయ్యండి. అప్పుడు రాజాం అక్టోబరు వాన 2018 నివేదికలో శ్రీకాకుళం కింద, కొత్త నివేదికలో విజయనగరం కింద వస్తుంది. ఆ పంక్తిని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.