గోరుముద్దతో పాటు మాట

చంటిబిడ్డకు బువ్వ తినిపించడం మా చౌటుప్పల్ పక్కల ఇంటింటా జరిగే పనే. రోజూ జరిగేది కాబట్టి దాన్ని ఒక విద్యగా ఎవరూ లెక్కపెట్టరు. నేను లెక్కపెడతాను. మనవరాలు ముద్దకు వచ్చిన నాటి నుంచి ఆ పని ఎక్కువగా నా చేతి మీదే నడుస్తోంది.

మెత్తగా ఉడికిన పెసరపప్పు, అన్నం, గుప్పెడు మునగాకు, చెంచాడు నెయ్యి. చెంచా వంచితే కారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పిడికెడంత పొట్టను పప్పునీళ్లతో నింపితే ఆకలి చస్తుంది గానీ ఒంటికి ఏమీ పట్టదు. సాయంత్రం తైదల (రాగుల) జావ. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటే, బియ్యంలో పది దాటడమే కష్టం. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మా ప్రాంతంలో ఈ లెక్క చాలా పెద్దది. కాల్షియం చాలని పిల్లల ఎముకలనే ఫ్లోరైడ్ ఎక్కువగా వంచుతుంది. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే పథకానికి 2015లో పైలాన్ కట్టింది మా చౌటుప్పల్‌లోనే. నీళ్లు మారాయి, సంతోషం. గిన్నెలోకి తైదలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

అయితే గిన్నెలో ఏముందన్నది సగం సంగతే. మిగతా సగాన్ని మా పాత నల్గొండ జిల్లా పల్లెలే తేల్చి చెప్పాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి షహనాజ్ వజీర్ బృందం 60 ఊళ్లను మూడు భాగాలు చేసింది. 20 ఊళ్లలో మామూలు అంగన్‌వాడీ సేవలే. ఇంకో 20 ఊళ్లలో ఏ వయసుకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లే ఇంటింటికీ వెళ్లి చెప్పారు. చివరి 20లో దానికి తోడు బిడ్డ సైగ కనిపెట్టి తినిపించడం, మాట్లాడడం, ఆడించడం కూడా నేర్పారు. బిడ్డకు మూడో నెల నుంచి 15వ నెల దాకా ఇది సాగింది. 2013లో అచ్చయిన ఫలితాల్లో, తిండి గురించి చెప్పిన ఊళ్లలో పిల్లల పొడుగు మెరుగైంది. ఆటా మాటా కలిసిన ఊళ్ల పిల్లలు బుద్ధి వికాసం పరీక్షల్లో ముందున్నారు.

నాకు ఇది ఎంతో విలువైన మాట. ముద్ద ముద్దకీ మధ్య బిడ్డ మొహం తిప్పుకుంటుంది, వేలు చూపిస్తుంది, ఏదో కూస్తుంది. అక్కడ ఆగాలి. బదులివ్వాలి. ‘కాకి ఏదే? అగో, గోడ మీద!’ అనాలి. రెండేళ్లు నిండేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు 80 శాతం పెరిగిపోతుంది. ఆ రోజుల్లో ఎదురుగా ఫోన్ పెట్టి నోట్లో ముద్దలు కుక్కితే కడుపు నిండుతుంది, మాటకు మాట మాత్రం ఉండదు.

మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరనీ, ఆరు నెలలు దాటిన వాళ్లలో 70 శాతానికి రక్తహీనత ఉందనీ అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంగన్‌వాడీ నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు మూడేళ్లలోపు పిల్లల ఇళ్లకు అందాలి. అవి ఎంతో అవసరం. కానీ తినిపించే మనిషి ఏరీ?

‘పొద్దుగాల ఏడుకే కంపెనీ బండి వస్తది పెద్దనాయినా, కూసోని తినిపియ్యనీకి యాళ్ల యాడిది?’ అంది మా వీధి కోడలు. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమె పనికి పోయినప్పుడు తండ్రో తాతో గిన్నె పట్టుకోవాలి. కంపెనీ కూడా తన వంతు మోయాలి. 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడే రాశారు. హైవే పొడుగునా ఉన్న మన ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఆ కేంద్రం ఎక్కడుందని గట్టిగా అడుగుదాం.